కుడికాలి పసుపు

సుధాకర్ గారి విమానం కుడికాలు మళ్ళీ కారింది.

కోట ఊరి చుట్టుపక్కల కారేవాటికి కొదవ లేదు. రొయ్యల లారీలు హైవే ఎక్కేదాకా దారి పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు నూనె కారుస్తాయి. వానాకాలంలో మిద్దెలు కారతాయి. వాటి గురించి ఎవరూ ఎవరినీ నిలదీయరు. విమానం కాలు కారితే మాత్రం నాగుల్ మీరాను నిలదీస్తారు. ఎందుకంటే ఆ కాలు విప్పి, బాగుచేసి, లాగ్‌బుక్కులో సంతకం పెట్టింది ఆయన. అదీ రెండుసార్లు. ఇప్పుడు మూడోసారి విప్పాలి.

సుధాకర్ గారికి కోట నుంచి చిల్లకూరు దాకా రొయ్యల చెరువులున్నాయి. మోటారుసైకిలు మీద అన్నీ చూసి రావడానికి రెండు గంటలు చాలు. అయితే రెండు గంటల్లో అయ్యే పనికి పూటంతా పట్టించకపోతే పెద్దమనిషి అయినందుకు ఫలితమేముంది? అందుకని నాలుగు సీట్ల సెకండ్ హ్యాండ్ విమానం ఒకటి కొన్నాడు. సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల, సరుగుడు తోటల మధ్య ఒక రన్‌వే వేయించాడు, షెడ్డు కట్టించాడు. శనివారం శనివారం అనుమతులు తెచ్చుకుని, గాలి ఎటు వీస్తోందో కనుక్కుని, పైకి లేచి చెరువులు చూసి దిగుతాడు. పైనుంచి చూస్తే చెరువులన్నీ ఒకేలా మెరుస్తాయి. రొయ్య బతికుందో చచ్చిందో తెలియదు. అది తెలుసుకోవడానికి సాయంత్రం మోటారుసైకిలు మీద మనిషిని పంపుతాడు.

ఆ విమానానికి మెకానిక్కు నాగుల్ మీరా. ఊరు గూడూరు. వాయుసేనలో ఇరవై ఏళ్ళు, ఆ తర్వాత ఫ్లయింగ్ క్లబ్బుల్లో పన్నెండేళ్ళు విమానాల కింద పడుకుని బతికినవాడు. లైసెన్సున్నవాడు. ఆయన గొప్పలు చెప్పుకోడు, ఒక్కటి తప్ప. "ముప్పై రెండేళ్ళలో నేను చేసిన పని తిరిగొచ్చింది లేదు" అంటాడు. టీ తాగుతూ అంటాడు, పెళ్ళిళ్ళలో అంటాడు, ఎవరూ అడక్కపోయినా అంటాడు. ఆయన ఆస్తంతా ఆ ఒక్క మాట. ఇప్పుడు ఆ మాటకు మూడు నెలల్లో మూడు చిల్లులు పడ్డాయి.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒకటే. శుక్రవారం సెలవు. జుమ్మా నమాజు, ఆపైన భార్య బీజాన్ వండిన బిర్యానీ, ఆపైన నిద్ర. ఈ మూడింటికీ అడ్డం రాకుండా ఉంటే మిగతా ఆరు రోజులూ విమానం ఏం చెప్తే అది చేస్తానన్నాడు.

విమానం కాలంటే మరీ బ్రహ్మవిద్య ఏమీ కాదు, తిరగేసిన సైకిలు పంపు. పైన గొట్టంలో ఎర్రటి నూనె, ఆ నూనె మీద నైట్రోజన్ గాలి. కింది నుంచి అద్దంలా మెరిసే ఉక్కు కడ్డీ ఆ గొట్టంలోకి దూరి ఉంటుంది. విమానం నేలకు దిగగానే కడ్డీ పైకి పోతుంది, నూనె, గాలి కలిసి ఆ దెబ్బను మింగేస్తాయి. నూనె బయటికి రాకుండా కడ్డీ చుట్టూ రబ్బరు సీళ్ళుంటాయి. సీలు దెబ్బతింటే నూనె కారుతుంది, కాలు కుంగుతుంది. నిలబడి ఉన్న విమానానికి ఆ కడ్డీ నాలుగు వేళ్ళ మేర బయటికి కనపడాలి. ఎడమ కాలికి నాలుగు వేళ్ళే ఉంది. కుడి కాలికి ఒక వేలు మిగిలింది. ఒక చెప్పు తెగిన మనిషిలా విమానం పక్కకు ఒరిగి నిలబడింది.

సోమవారం పొద్దున ఆ ఒరుగుడు చూస్తూ ముగ్గురు నిలబడ్డారు.

"రన్‌వే కుడిపక్కకి వాలుండాది" అన్నాడు పైలట్ జీవానందం. ఈయన సూళ్ళూరుపేట మనిషి, రిటైరైన కెప్టెను. మూడు నెలలుగా ఆయన రన్‌వేనే తప్పుపడుతున్నాడు.

"వాలు లేదు. మట్టం పెట్టి చూసినా" అన్నాడు మీరా. ఆయన మూడు నెలలుగా అనుమానిస్తున్నది జీవానందం దిగే తీరును. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దింపడం రానివాడు రన్‌వేను అంటున్నాడని ఆయన నమ్మకం. కాకపోతే పైకి అనలేదు.

సుధాకర్ ఇద్దరి మొహాలూ చూశాడు. "మీరా గారూ, బెంగళూరు నించి ఒకాయన్ని పిలిపిస్తా ఉండా. ప్రవీణ్ అని. కాళ్ళ స్పెషలిస్టంట. వచ్చే సోమవారం వస్తాడు. ఆ లోపల నిలబడిందా సరే. లేదంటే..."

లేదంటే ఏమిటో చెప్పలేదు. పెద్దమనుషులు ఇలాంటి మాటలు పూర్తి చేయరు. ఆ పని ఊరికి వదిలేస్తారు. ఊరు ఎలా పూర్తి చేస్తుందో మీరాకు తెలుసు. 'మీరా చేతి పని కారతాదంట' అని గూడూరు నుంచి మద్రాసు దాకా అనుకుంటారు. ఈ వయసులో ఉద్యోగం పోతే పోయింది, ఆ మాట మాత్రం పడకూడదు.

విమానాన్ని జాకీల మీదకెత్తాడు. గాలి వదిలాడు. కడ్డీ పక్కకు తిరగకుండా పట్టి ఉంచే కత్తెర లింకులు విప్పి కడ్డీని బయటికి లాగాడు. సీలు అంచు మళ్ళీ చిరిగింది, ఎలుక కొరికినట్టు. కడ్డీ మీద గోకుడు లేదు, తుప్పు లేదు. సీలుకు కింద, కడ్డీకి అంటిన దుమ్మును తుడిచే రింగు గాడిలో మాత్రం పచ్చటి ముద్దేదో కూరుకుపోయి ఉంది. పాత గ్రీజు గడ్డకట్టిందనుకున్నాడు. కిందటి రెండుసార్లూ అట్లాగే అనుకున్నాడు. ఆ చిరాకులో గుడ్డపీలిక వెతుక్కునే ఓపిక లేక జేబు రుమాలుతోనే గాడంతా తుడిచాడు. కొత్త సీళ్ళు, రింగులు వేశాడు. నూనె పోసి, బుడగలన్నీ పోయేదాకా కడ్డీని పైకీ కిందికీ ఆడించి, నైట్రోజన్ నింపాడు. నాలుగు వేళ్ళు. కింద తెల్లగుడ్డ పరిచాడు. మంగళవారం సాయంత్రానికి గుడ్డ మీద చుక్క లేదు.

సరిగ్గా కిందటి రెండుసార్లు కూడా మంగళవారానికి చుక్క లేదు, శనివారం దిగాకే మొదలైంది.

బుధవారం పొద్దున ఆయన టీ తాగుతుంటే పెరట్లోంచి బీజాన్ కేకేసింది. "ఏమయ్యా, ఇట్టా రా. ఎవురింట్లో తిన్యావు నువ్వు?"

"నేను యాడా తినలేదే."

"తినకుండా రుమాలుకి పసుపెట్టా అయింది?"

"అది గ్రీజే."

బీజాన్ రుమాలు ఎత్తి చూపించింది. సబ్బు తగిలిన చోటల్లా పచ్చ మరక ఎర్రగా మారి ఉంది. "గ్రీజంట! ముప్పై ఏండ్లుగా నీ గ్రీజు గుడ్డలు ఉతకతా ఉండా. గ్రీజు సబ్బుకి నల్లబడతాది. సబ్బు తగిలితే ఎర్రబడేది పసుపొకటే. ఆ మాత్రం తెలవదా, పెద్ద విమానాల మెకానిక్కువి!"

నాగుల్ మీరా టీ గ్లాసు కింద పెట్టాడు. వాయుసేన ఆయనకు ఇరవై ఏళ్ళలో చాలా నేర్పింది గానీ బట్టలుతకడం నేర్పలేదు. విమానం కాలిలోకి పసుపెందుకు పోతుంది? అది విమానం షెడ్డే గాని వంటిల్లు కాదు కదా?

ఆ రోజే షెడ్డుకు పోగానే వాచ్‌మన్ పోలేరయ్యను అడిగాడు. "ఏం పోలేరయ్యా, విమానం కాడికి పసుపు గాని ఎవురన్నా తెస్తారా?"

"పసుపా? ఏం పసుపన్నా?" అని పోలేరయ్య సముద్రం వైపు చూశాడు. అక్కణ్ణుంచి సముద్రం కనపడదు. అయినా చాలాసేపు చూశాడు. పోలేరయ్యకు అబద్ధమాడటం రాదు. మీరా ఇంకేమీ అడగలేదు.

శుక్రవారం నమాజు అయింది. బిర్యానీ అయింది. నిద్ర మాత్రం కాలేదు. మూడింటికి మోటారుసైకిలు తీసి, చెప్పాపెట్టకుండా రన్‌వేకి బయలుదేరాడు. పసుపు పూసేవాడెవడో దొరికితే ఏమనాలో దారంతా తయారు చేసుకున్నాడు. మాటలు బాగా కుదిరాయి. వాకాడు దాటేసరికి వాటికి తాళం కూడా వేశాడు.

షెడ్డులో విమానం ముందు చిన్న పీట వేసుకుని మాలకొండమ్మ కూర్చుని ఉంది. సుధాకర్ తల్లి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. చేతిలో పసుపు గిన్నె. ముందు చక్రం కాలికీ ఎడమ కాలికీ అప్పటికే పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేసింది. ఇప్పుడు కుడికాలు చేతిలోకి తీసుకున్నట్టుగా పట్టుకుని, మెరిసే కడ్డీకి పైనుంచి కిందికి పసుపు పట్టిస్తోంది. పేరంటానికొచ్చిన ముత్తైదువ పాదాలకు రాసినట్టే. ఒక పూత ఆరాక ఇంకో పూత. పక్కన బకెట్టుతో నిలబడ్డ పోలేరయ్య మీరాను చూసి బకెట్టు వెనక్కి దాచాడు, దాచడానికి అదేదో బీడీ అయినట్టు.

"రా మీరా. శుక్రవారం పూట వచ్చినావే? నమాజు అయిందా?" అంది మాలకొండమ్మ, చెయ్యి ఆపకుండా.

"అయిందమ్మా" అన్నాడు మీరా. తాళమేసిన మాటలు ఒక్కటీ బయటికి రాలేదు. "కుడికాలికి ఎక్కువ రాస్తా ఉండారే?"

"కుడికాలు ముందు పెట్టాల గదా నాయనా! ఎడమకాలికి ఒక పూత, కుడికాలికి మూడు పూతలు."

మూడు నెలలుగా రన్‌వే వాలుకూ, సముద్రపు గాలికీ, జీవానందం దింపే తీరుకూ అందని లెక్క అప్పటికప్పుడు తేలిపోయింది. ఆరిన పసుపు, అందులో అంగడి కుంకుమ గరుకు. కడ్డీ పైకి పోయినప్పుడల్లా ఆ గరుకు సీలు అంచును కొరుకుతుంది.

పోలేరయ్య ఆయన్ను పక్కకు పిలిచాడు. "ఏమనుకోబాకన్నా. ప్రతి శుక్రవారం అమ్మ పూజ చేస్తాది. మీరు సాయిబులు గదా, చూస్తే ఏమనుకుంటారో ఏమో అని శనివారం తెల్లారేలోపల నేనే నీళ్ళు కొట్టి కడిగేస్తా ఉండా. మీ మనసు నొప్పీకుండా."

కంటికి కనపడే పసుపంతా కడిగేవాడు. కనపడనిదాన్ని నీళ్ళతో పైకి, రింగు గాడిలోకి తోసేవాడు. ఆమె పూజ మీరాకు తెలియనీయకపోవడం పోలేరయ్య మర్యాద. కాలు కారుతోందని చెప్తే కొడుకును ఎక్కనివ్వదని ఆమెకు తెలియనీయకపోవడం సుధాకర్ మర్యాద. పైలట్‌ను మొహాన అనకపోవడం మీరా మర్యాద. ఇంతమంది మర్యాదస్తులు చుట్టూ చేరాక పాపం ఆ విమానం మాత్రం ఎంతకని నిలబడుతుంది?

మీరా మాలకొండమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆమే ముందు మొదలుపెట్టింది.

"మా ఆయనకి పడవుండేది. చేపల ఏటకి పోయే ముందర పడవ మూతికి పసుపు రాసి పంపేదాన్ని. ఒక్క పొద్దు రాయలేదు. నేను బయటుండా. ఆ మూడు దినాలు పడవని తాకకూడదు గదా. ఇంకెవురికీ తోచలేదు. వద్దు, పోబాకయ్యా అంటే నవ్వి పోయినాడు." ఆమె కుంకుమ బొట్టు పెట్టి, చేయి చీర కొంగుకు తుడుచుకుంది. "ముప్పై తొమ్మిదేండ్లయింది. సుధాకరుకి అప్పుడు ఆరేండ్లు. పడవ గూడా దొరకలేదు. నేను రాసుంటే వచ్చుండేవాడు. ఇప్పుడు వీడు గాల్లోకి పోతా ఉండాడు. ఒక్క శుక్రవారం తప్పినా నా పానం నిలవదు నాయనా."

నాగుల్ మీరా తెరిచిన నోరు మూసుకున్నాడు. నీ పసుపే నీ కొడుకు విమానం కాలు విరగ్గొడుతోందని ఈమెకు ఎవరు చెప్తారు? తన పేరు నిలబడాలంటే చెప్పాలి. ఆ మొహం చూస్తూ మాత్రం చెప్పలేడు. చివరికి ముప్పై రెండేళ్ళ నిజాయితీని పక్కనపెట్టి ఒక అబద్ధం వెతుక్కున్నాడు.

"అమ్మా, కాళ్ళకి వద్దు. నూనె కాళ్ళివి, పసుపు నిలవదు. విమానానికి గడపుండాది, చూడండి." రెక్క పక్కన ఎక్కడానికి ఉండే చిన్న మెట్టు చూపించాడు. "సార్ కుడికాలు మొదట పెట్టేది దీనిమీదనే. దీనికి రాయండి."

మాలకొండమ్మ మెట్టును చూసింది, ఆయన్ను చూసింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం మరి?" అని గొణిగి, మెట్టుకు నిండా పసుపు రాసింది. మీరా కాళ్ళు మూడూ కడిగి, నూనె అద్దిన గుడ్డతో రింగు అంచు దాకా తుడిచాడు. ఈ ఉద్యోగంలో చేరాక శుక్రవారం పూట ఆయన పనిచేయడం అదే మొదటిసారి.

శనివారం విమానం ఎగిరింది, దిగింది. ఆదివారం తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. సోమవారం బెంగళూరు నుంచి ప్రవీణ్ దిగాడు.

నల్ల కళ్ళద్దాలు, ల్యాప్‌టాప్, తీగ చివర చిన్న కెమెరా. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, మరి బెంగళూరు చెట్టుకు మాత్రం వేర్లతో సహా అన్నీ మందులే. ఆయన విమానం కాళ్ళ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఫొటోలు తీశాడు. రన్‌వే మీద నడిచాడు. గాలిని వేలితో చూశాడు. రెండు గంటల తర్వాత, కాలు కారడం లేదని కనిపెట్టాడు. ఆ సంగతి తెల్లగుడ్డ ఆదివారమే చెప్పింది, కాకపోతే దానికి ల్యాప్‌టాప్ లేదు.

"చూసినారా మీరా గారూ" అన్నాడు సుధాకర్ మురిసిపోతూ. "ఈయన వస్తా ఉండాడనే మాటకే ఆగిపోయింది. దీన్నే ఎక్స్‌పర్ట్ అనేది. వచ్చే నెల నించి వీళ్ళ కంపెనీ వాళ్ళే చూసుకుంటారు. మీరింక రెస్టు తీసుకోండి. వయసు గూడా అయింది గదా."

నాగుల్ మీరా ఒక్క వాక్యం చెప్తే చాలు. ఆ వాక్యం నాలుక మీదే ఉంది. అదే సమయానికి మాలకొండమ్మ, వచ్చిన పెద్దమనిషికి మజ్జిగ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. మీరా వాక్యాన్ని మింగేశాడు.

"ఏంది ఆగిపోయింది?" అంది ఆమె.

"ఏం లేదులే అమ్మా."

ఆమె కొడుకును వదిలేసి జీవానందం వైపు తిరిగింది. కెప్టెను గారు తుఫాను గాలిలో విమానం దింపినవాడే గానీ మాలకొండమ్మ చూపుకు నిలవలేకపోయాడు. "కుడికాలు నూనె కారేదమ్మా. మూడు నెలల్నించి. మొన్న శనివారం నించి లేదు" అని అంతా కక్కేశాడు.

ఆమె చేతిలో మజ్జిగ చెంబు కదలకుండా నిలిచిపోయింది. "కుడికాలు. మొన్న శనివారం నించి." మెల్లగా మీరా వైపు తిరిగింది. "శుక్రవారం నా పసుపెందుకు తుడిచినావు మీరా? నిజం చెప్పు. నా దగ్గిర అబద్ధమాడబాక."

"లోపలికి పోతా ఉండాదమ్మా" అన్నాడు మీరా తల దించుకుని. "సీలు కోస్తా ఉండాది."

ముందుగా తేరుకున్నది సుధాకర్. "మీరా గారూ!" ఆయన గొంతు మారింది. "మీ పనిలో తప్పుంటే ఒప్పుకోండి. మా అమ్మ పూజని అంటారా? ఎవరు, ఎవరి పూజని అంటా ఉండారో ఆలోచించే మాట్లాడతా ఉండారా?"

మీరాకు చెవులు మండాయి. ఈ మాట వస్తుందనే ఆయన శుక్రవారం నుంచీ భయపడుతున్నాడు. ప్రవీణ్ కళ్ళద్దాలు సర్దుకుంటూ, పసుపు వల్ల ఇలాంటివి జరిగినట్టు తమ దగ్గర రికార్డులేవీ లేవన్నాడు. పసుపు ఎక్కువగా వాడే వంటింటి రికార్డులు ఆయన దగ్గర లేనట్టుంది.

"నోరు ముయ్యరా" అంది మాలకొండమ్మ కొడుకును. "నేనడిగినా, ఆయన చెప్పినాడు. నువ్వు నాకు చెప్పలేదు. అబద్ధమైతే ఇప్పుడే తేలతాది. పోలేరయ్యా, పసుపు గిన్నె తే. రాస్తా. మళ్ళీ ఎగరేసి చూడండి."

"ఎగరేయడానికి నేను సంతకం పెట్టనమ్మా" అన్నాడు మీరా. కారుతుందని తెలిసి సంతకం పెట్టడం ఆయన వల్ల కాదు, తన పేరు కోసమైనా సరే. ఒక క్షణం ఆలోచించాడు. "ఊపడానికైతే సంతకం అక్కర్లేదు. రెక్క మొదట్లోకి మనుషులెక్కి దిగితే కాలు కుంగి లేస్తాది. విమానం దిగినట్టే లెక్క."

మాలకొండమ్మ కుడికాలికి మూడు పూతలు రాసింది. కుంకుమ పెట్టింది. విమానాన్ని ఎండలోకి తోశారు. పసుపు ఆరేలోపల అందరూ మజ్జిగ తాగారు. ఆపైన పోలేరయ్య బకెట్టు నీళ్ళతో అలవాటు ప్రకారం కడిగాడు. అప్పుడు మొదలైంది.

తొంభై కిలోల సుధాకర్, కెప్టెన్ జీవానందం, పోలేరయ్య, వాళ్ళ వెనక కాళ్ళ స్పెషలిస్టు ప్రవీణ్. నలుగురూ వరసగా రెక్క మీద అడుగు పెట్టే నల్లపట్టీ మీదికి ఎక్కడం, దిగడం. ఎవరి పాటికి వాళ్ళు ఎక్కుతుంటే కాలు సరిగా కుంగడం లేదు. మాలకొండమ్మకు ఓపిక చచ్చింది. "పడవ తోసిన వంశమంట్రా మీది!" అని, నడుముకు కొంగు దోపి, గొంతెత్తింది. "ఐలేసా!"

"హైలేసా!" అంది పోలేరయ్య నోరు, దానంతటదే.

"ఐలేసా!"

ముప్పై దాటేసరికి సుధాకర్ చొక్కా తడిసి ముద్దయింది. నలభై దాటేసరికి ప్రవీణ్ కళ్ళద్దాలు ఊడి కిందపడ్డాయి, అయినా "హైలేసా" అనడం మానలేదు. బెంగళూరులో ఆయనకు ఈ పరీక్ష నేర్పి ఉండరు. నాగుల్ మీరా కుడికాలి దగ్గర తెల్లగుడ్డ పరుచుకుని నేలమీద బోర్లా పడుకున్నాడు. అరవై. ఏమీ లేదు. డెబ్బై. ఏమీ లేదు. ఆయన నోరెండిపోయింది. తన చేతి పని ఎప్పుడెప్పుడు కారుతుందా అని జీవితంలో మొదటిసారి ఎదురుచూస్తున్నాడు. రబ్బరును ఇంత గట్టిగా ఎందుకు బిగించానా అని తిట్టుకున్నాడు కూడా.

ఎనభై నాలుగో హైలేసాకు రింగు కింద సన్నటి ఎర్రగీత కనపడింది. అది కడ్డీ వెంట దిగి, అంచున చుక్కగా నిలిచి, గుడ్డ మీద రాలింది.

"కారింది!" అని అరిచాడు మీరా. కొడుకు పుట్టినప్పుడు కూడా ఆయన అంత గట్టిగా అరవలేదు. "సార్, కారింది! చూడండి!"

నలుగురూ దిగి వంగి చూశారు. ఇంకో చుక్క పడింది. సుధాకర్ రొప్పుతూ తెల్లగుడ్డనూ, మీరానూ చూసి, "నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. రెస్టు మాట గూడా" అన్నాడు. మెల్లగా అన్నాడు గానీ అన్నాడు. మీరా లేచి దుమ్ము దులుపుకున్నాడు. ముప్పై రెండేళ్ళ మాట మళ్ళీ ఆయనదైంది. అంతలో మాలకొండమ్మ మొహం చూసి ఆయన సంతోషమంతా ఇంకిపోయింది.

ఆమె నేలమీద కూర్చుని ఉంది. పసుపు వేలితో ఆ నూనె చుక్కను తాకి చూసుకుంటోంది. కొడుకు పక్కన కూలబడ్డాడు. "అమ్మా, నీకు తెలియక చేసినావు. నీ తప్పేం లేదు..."

"అది గాదురా." ఆమె తల ఎత్తలేదు. "రాసినా కారింది."

"అవునమ్మా, అది..."

"నిండా మూడు పూతలు రాసినా కారింది గదరా." ఆమె ఆ వేలిని ఎండకు ఎత్తి చూసింది. పచ్చ మీద ఎరుపు. "అయితే ఆ పొద్దు, మీ నాయన... నేను రాయలేదని గాదు. రాసుండినా పోయుండేవాడు."

తండ్రి చావుకు తల్లి ముప్పై తొమ్మిదేళ్ళుగా తననే దోషిగా చేసుకుందని సుధాకర్‌కు అప్పటిదాకా తెలియదు. ఆ ఇంట్లో అదీ ఒక మర్యాదే, ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె మీరా వైపు చూసింది. చెప్పమన్నట్టు చూసింది, కొడుకును కాదు, లైసెన్సున్నవాణ్ణి.

"మీ వల్ల గాదమ్మా" అన్నాడు మీరా. "సముద్రం వల్ల."

మాలకొండమ్మ అప్పుడు ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, పెద్దగా, మొన్ననే పోయినవాడి కోసం ఏడ్చినట్టు ఏడ్చింది. ప్రవీణ్ కూడా కళ్ళద్దాలు వెతుక్కోవడం ఆపి నిలబడిపోయాడు.

చాలాసేపటికి ఆమె లేచి, పోలేరయ్య బకెట్టులో చేతులు కడుక్కుంది. "ఎన్ని దినాలు పడతాది మళ్ళీ?"

"రెండు దినాలమ్మా."

"శుక్రవారానికి అయిపోతాదా?"

"అయిపోతాది."

"సరే. ఆ గడపకి నేనే రాస్తా. కాళ్ళ జోలికి పోను." నాలుగడుగులు వేసి ఆగింది. "భయానికి గాదులే మీరా. ఊరికే."

నాగుల్ మీరా జాకీలు తెమ్మని పోలేరయ్యను కేకేశాడు.